నాలుగో తల

నమోదు 1
ప్రసవానికి 70 రోజులు. తల వాటా 9,41,200. ఇంటి తలలు నాలుగు. పలక మీద 37,64,800.

మా అమ్మాయి తన్విత నిన్న సాయంత్రం పురిటికి వచ్చింది. అత్తవారు సీమంతం చేసి, చేతినిండా గాజులు తొడిగించి, మూడో కట్ట నుంచి మా ఐదో కట్టకి పడవలో పంపించారు. దిగబెట్టడానికి వియ్యపురాలు కృష్ణకుమారిగారు స్వయంగా వచ్చారు. కాఫీ తాగుతూ రెండుసార్లు గుమ్మం పక్కనున్న బాకీ పలక వంక చూశారు.

తన్విత గడప దాటిన నిమిషానికే పలక మీద అంకె మారింది. నేనూ మా ఆయన త్రిమూర్తులుగారూ ఇద్దరమే ఉన్న ఇల్లు నాలుగు తలల ఇల్లయింది. కడుపులో ఉన్నదాన్ని ఐదో నెలలో కాన్పు చీటీ రాసినప్పుడే లెక్కలో వేసుకున్నారు. కాన్పు ఏ ఇంట్లో అని ఆ చీటీలో ఒక గడి ఉంటుంది, ఆసుపత్రిలో మంచం ఇచ్చేది ఆ ఇంటి పలక చూసే. తొలి కాన్పు పుట్టింటే కదా, అందరూ రాసినట్టే మేమూ మా ఇంటి నంబరు రాశాం.

నాకు లెక్క ముందు వేసుకుంటే గాని నిద్ర పట్టదు. దేశం మొత్తం బాకీని తలలతో భాగిస్తే తల వాటా. పొద్దున్న ఆరింటికి మారుతుంది. ఇల్లు నలభై లక్షలు దాటిందా, పలక ఎర్రబడుతుంది. ఎర్ర ఇంటికి నీళ్ళు రోజు విడిచి రోజు, ధర్మాసుపత్రిలో మంచం లేదు. వాటా ఇప్పుడు రోజుకి 610 చొప్పున పెరుగుతోంది. డెబ్భై రోజులకి 42,700. ప్రసవం నాటికి తలకి 9,83,900, నలుగురికి 39,35,600. ఇంకా 64,400 ఖాళీ మిగులుతుంది.

గట్టెక్కుతాం. పుస్తకం మూసేశాను.

నమోదు 2
63 రోజులు. తల వాటా 9,45,470.

పప్పుల డబ్బా వెనక, పురుటి ఖర్చులకని పెట్టిన ఇరవై వేలు కనబడలేదు. ఇల్లంతా వెతికాక మా ఆయన్ని అడిగాను.

"వాటాలో కట్టేశాను వేణీ" అన్నారు, చొక్కాకి గుండీలు పెట్టుకుంటూ. "మనం కడితేనే కదా నలుగురూ కడతారు."

"ఎంత తగ్గింది?"

ఆయన రసీదు తీసి బల్ల మీద పెట్టారు. దేశం మీకు కృతజ్ఞతలు తెలుపుతోంది అని పైన పువ్వుల బొమ్మ. కింద, మీ తల వాటాలో తగ్గుదల: సున్నా, చుక్క, నాలుగు సున్నాలు, రెండు. అన్ని కోట్ల తలలకీ పంచితే అంతే వస్తుంది. నేను కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను.

"పువ్వులు బాగున్నాయి" అన్నాను.

"నీకన్నీ వెటకారమే. ఈ కట్టలు ఎలా వచ్చాయనుకున్నావు? అప్పు తెచ్చే కట్టారు. లేకపోతే ఈపాటికి మనం చేపలతో కాపురం చేసేవాళ్ళం."

కట్టల సంగతిలో ఆయన మాట నిజమే. సముద్రం వచ్చిన ఏడు నేను చిన్నపిల్లని, నాకు గుర్తుంది. కట్టల అప్పుతో నాకు పేచీ లేదు. ఆ అప్పు వడ్డీకి చేసిన అప్పు, దాని వడ్డీకి మళ్ళీ చేసిన అప్పు, వాటితోనే నా పేచీ. పలక కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎవరూ వంగి చదవరు: నిరుడు తెచ్చిన ప్రతి నూరు రూపాయల్లో డెబ్భై మూడు పాత వడ్డీకే పోయాయి. మిగిలిన ఇరవై ఏడులోంచి మంచినీళ్ళ ప్లాంటులో మా ఆయనకి జీతం ఇస్తారు. అందులోనూ మూడో వంతు రూపాయలు కావు, ప్రభుత్వ అప్పు పత్రాలు. అంటే ఆయన పనిచేసి, ఆ కూలి వాళ్ళకే అప్పిచ్చి, ఆ అప్పులో తన వాటా తానే మోస్తున్నారు. ఈ మాట ఆయనతో అంటే టిఫిను సగంలో వదిలేసి వెళ్ళారు. ఇడ్లీలు మూడు మిగిలాయి.

నమోదు 3
52 రోజులు. తల వాటా 9,52,180.

తన్విత కాళ్ళు ఉబ్బాయి. ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ రక్తపోటు మూడుసార్లు చూసింది.

"ఇంట్లో కాన్పు మాట మర్చిపోండి. మంత్రసానులూ వద్దు. నొప్పులు మొదలయ్యే ముందే ఇక్కడ మంచం మీద ఉండాలి. ఆలస్యమైతే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం" అంది. తర్వాత తల ఎత్తి, "మీ పలక ఏ రంగు?" అని అడిగింది.

"పచ్చే."

"ప్రసవం నాటికి?"

"పచ్చే. లెక్క వేశాను."

ఆమె నా వంక కాస్త మెచ్చుకోలుగానే చూసింది. తిరుగు పడవలో తన్విత, "నా రక్తపోటు కంటే నా పలక రంగు మీద శ్రద్ధ ఎక్కువమ్మా ఈవిడకి" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నమోదు 4
45 రోజులు. తల వాటా 9,56,450.

పొద్దున్న వార్తల్లో చెప్పారు. పాత అప్పు పత్రాలు చాలా వరకు ఈ ఏడే గడువు తీరుతున్నాయి. తీర్చడానికి డబ్బు లేదు గనక కొత్త పత్రాలు రాసి పాతవి తీరుస్తారు. కొత్తవి కొనేవాళ్ళు ఇన్నాళ్ళూ ఇచ్చిన వడ్డీకి ఒప్పుకోవడం లేదు, ఎక్కువ అడుగుతున్నారు. ప్రభుత్వం ఇచ్చింది. చదివే అమ్మాయి ఇదంతా వాన రాకడ చెప్పినంత తేలిగ్గా చెప్పి పాటలు పెట్టింది.

రేపటి నుంచి పెరుగుదల రోజుకి 1,120.

మళ్ళీ లెక్క వేశాను. పది లక్షలకి ఇంకా 43,550 దూరం. 1,120తో భాగిస్తే ముప్ఫై తొమ్మిదో రోజు. అంటే ప్రసవానికి ఆరు రోజుల ముందు మా ఇల్లు ఎర్రబడుతుంది.

ప్రైవేటు ఆసుపత్రిలో అడిగాను. మూడు లక్షల ఎనభై వేలు, ముందే కట్టాలి. మా దగ్గర రొక్కం లక్షా పన్నెండు వేలు. అప్పు పత్రాలు తొంభై వేలవి ఉన్నాయి. బజారులో వాటిని సగం ధరకి కూడా తీసుకోవడం లేదు.

"ఆరు రోజులే కదమ్మా" అంది తన్విత, కాళ్ళు బకెట్టు నీళ్ళలో పెట్టుకుని. "ఓ వారం ముందు కనెయ్యమంటావా, చెప్పు."

"నోరు ముయ్యి."

"నాన్న ఇంకో ఇరవై వేలు కడితే?"

ఈసారి ముగ్గురం నవ్వాం. ఆయన కూడా.

నమోదు 5
38 రోజులు. తల వాటా 9,64,290.

మూడో కట్టకి వెళ్ళాను. కజ్జికాయలు పట్టుకెళ్ళాను గాని నిజంగా వెళ్ళింది ఒక మాట అడగడానికే. కాన్పు వాళ్ళ ఇంట్లో పెట్టుకుంటారేమో అని. తన్విత ఇక్కడికి వచ్చేసింది గనక వాళ్ళకి మూడే తలలుండాలి: కృష్ణకుమారిగారు, వియ్యంకుడు అన్నయ్యగారు, అల్లుడు భార్గవ్. ఇద్దరు తిరిగి వెళితే ఐదవుతాయి, వాళ్ళ ఇల్లు ఎర్రబడుతుంది. కాని బిడ్డ తల మా ఇంటి మీదే ఉంచి, తన్విత తల మాత్రం అక్కడికి మారిస్తే ఎలా ఉంటుందో చూద్దామనుకున్నాను.

గుమ్మంలో ఆగిపోయాను. వాళ్ళ పలక మీద 38,57,160 ఉంది.

సంచీలోంచి పెన్సిలు తీసి కజ్జికాయల డబ్బా మూత మీద భాగించాను. నాలుగు తలలు.

"ఏమిటి వదినగారూ, గుమ్మంలోనే లెక్కలా?" అంటూ కృష్ణకుమారిగారు వచ్చారు.

"వదినగారూ, మీ ఇంట్లో ఎవరైనా చుట్టాలున్నారా?"

"చుట్టాలా? ఈ రోజుల్లో చుట్టాల్ని ఎవరు రానిస్తారండీ."

"అయితే మీ నాలుగో తల ఎవరు?"

ఆవిడ పలక వంక చూశారు. ఇన్నాళ్ళూ రంగు చూశారు గాని అంకె చూడలేదట. తన్విత పుట్టింటికి వెళ్ళగానే తల తగ్గిపోయి ఉంటుందని నమ్మకంగా ఉన్నారు. నాకు అప్పుడు అర్థమయింది. కాపురం ఉన్న ఇంటి శాశ్వత కార్డు కింద తన్విత అక్కడ ఉంది. కాన్పు చీటీ కింద తన్విత ఇక్కడ ఉంది. ఒకే పిల్ల రెండు ఇళ్ళలో దేశం బాకీ మోస్తోంది.

అడగదల్చుకున్నది అడగకుండానే వచ్చేశాను. ఒక తల ఎక్కువ రాసింది ప్రభుత్వంవాళ్ళు. సరిచేస్తే మా ఇంటికి మూడే తలలు. ఇది కాన్పు దాకా కాదు, పది నెలలు దాటినా ఎర్రబడదు. ప్రాణం లేచి వచ్చింది.

నమోదు 6
36 రోజులు. తల వాటా 9,66,530.

వార్డు ఆఫీసులో గుమాస్తా సత్తిరాజుగారు నా కాగితం రెండు వైపులా చూశారు. వెనక వైపు ఏమీ రాయలేదు, అయినా చూశారు.

"మీరన్నది నిజమేనండి" అన్నారు.

నిజమే అని అంత తొందరగా ఒప్పుకుంటారనుకోలేదు. "అయితే సరిచేయండి."

"అదే కుదరదండి. కాన్పు చీటీ తయారుచేసినవాళ్ళు రాజధానిలో ఉంటారండి. ఆడపిల్ల కాపురం ఉన్న ఇంట్లోనే కంటుందనుకున్నారు. మనలాగా పుట్టింటికి వెళుతుందని వాళ్ళకి తట్టలేదండి. చీటీలో రాసిన ఇంటి గడప దాటగానే తల పడిపోతుంది. పురుడయ్యాక తీసేసే గడి లేదండి ఫారంలో."

"ఎప్పటి నుంచి?"

"ఐదేళ్ళయిందండి."

"ఐదేళ్ళ నుంచి తొలిచూలు కన్న ప్రతి పిల్లా రెండిళ్ళలో ఉందా?"

ఆయన కుర్చీ ముందుకి లాక్కుని గొంతు తగ్గించారు. "మన వార్డులోనే రెండువందల పన్నెండు మందండి. ఇంకో మాట కూడా చెబుతాను, నా పేరు రానివ్వకండి. అన్ని తలలున్నాయని చూపించే కొత్త అప్పు తెచ్చారండి. తలలు ఎక్కువుంటే తల వాటా తక్కువ కనబడుతుంది, అప్పిచ్చేవాడికి ధైర్యం. ఇప్పుడు లేని తలలు తీసేస్తే అదే బాకీ తక్కువ మందికి పంచాలి. వాటా పది లక్షలు ఎప్పుడో దాటిపోయుండేదండి."

నేను మా ఇంట్లో పాలవాడి దగ్గర అరలీటరు తేడా వస్తే మూడు రోజులు వెనక్కి వెళ్ళి పట్టుకుంటాను. వీళ్ళు ఐదేళ్ళు లేని మనుషుల మీద అప్పు తెచ్చి, అది చూపించి మళ్ళీ తెచ్చారు.

"మీ అమ్మాయిగారి ఆరోగ్యం సంగతి డాక్టరమ్మ చెప్పిందండి" అన్నారాయన. "మీ ఒక్కరిదీ చేతి రాతతో సరిచేస్తాను. రెండు షరతులండి. తల ఏ ఇంట్లో ఉండిపోవాలో ఆ ఇంటివాళ్ళు సంతకం పెట్టాలి. రెండోది, మీరు ఎవరికీ చెప్పకూడదు."

మొదటిదానికి సరే అన్నాను. రెండోదానికి ఏమీ అనలేదు. ఆయన నా మౌనాన్ని సరే కింద రాసుకున్నట్టున్నారు.

నమోదు 7
33 రోజులు. తల వాటా 9,69,890.

కృష్ణకుమారిగారితో రెండు గంటలు.

"మా ఇంటి నుంచి తీసేయించండి వదినగారూ" అన్నారు ముందే. "పురుడు మీది. పద్ధతి ప్రకారం మా పిల్ల ఇప్పుడు మీ పిల్ల."

"ఆరు నెలల క్రితం పండక్కి పంపమంటే మా పిల్ల మా పిల్లే అన్నారు."

"అప్పుడు వాటా ఇంత లేదు."

నవ్వాపుకోలేక అన్నయ్యగారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నేను పుస్తకం తెరిచాను. తల మీ ఇంట్లో ఉంచితే మీకు ఇప్పుడున్న నాలుగే, కొత్తగా పోయేది లేదు. మీ ఇంటి నుంచి తీస్తే మా ఇంటికి నాలుగు, తన్వితకి మంచం లేదు. ఆవిడ అంకెలన్నీ చూశారు. తెలివైన మనిషి, కూడిక తప్పు పట్టడానికి కూడా ప్రయత్నించారు.

"ఇంకో నెలకి మా ఇల్లు ఎర్రబడుతుంది కదండీ. ఈయనకి రోజూ స్నానం లేకపోతే ఒళ్ళంతా దద్దుర్లు. నీళ్ళు రోజు విడిచి రోజు వస్తే నేనేం చెయ్యను?"

"నీళ్ళు రాని రోజు మా ఇంటి నుంచి నాలుగు బిందెలు పంపిస్తాను."

"నిండు బిందెలు?"

"నిండువే."

"పడవలో ఒలికిపోతాయి."

"మూతలు పెడతాను వదినగారూ."

ఆవిడ అన్నయ్యగారి వంక చూశారు. ఆయన పేపరు దించకుండానే, "సంతకం పెట్టు కుమారీ, పిల్ల కాళ్ళు ఉబ్బాయట" అన్నారు. పెట్టారు. పెన్ను నాకిస్తూ, "నాలుగు బిందెలని కాగితం మీద రాయండి" అన్నారు. రాశాను.

నమోదు 8
30 రోజులు. తల వాటా 9,73,250. తలలు మూడు. పలక మీద 29,19,750.

పలక మారింది. తన్విత దాన్ని చూసి, "నన్ను తీసేశారన్నమాట" అంది. దాని మొహం చూడలేక వంటింట్లోకి వెళ్ళిపోయాను.

సాయంత్రం మేడ మీది మంగతాయారు వచ్చింది. ఆమె కూతురూ పురిటికే వచ్చి ఉంది, వాళ్ళవి ఐదు తలలు. ఎన్నాళ్ళుగానో ఎర్రగానే ఉన్నారు. కూతురికి నొప్పులొస్తే ఏం చేస్తావని అడిగితే, దేవుడున్నాడు అక్కయ్యా అంది.

దేవుడి లెక్క నాకు తెలీదు, ఆమె లెక్క తెలుసు. ఐదులో ఒకటి తప్పు. నాలుగైతే ఇంకో ఇరవై మూడు రోజులు పచ్చగా ఉంటుంది. సత్తిరాజుగారి మొహం గుర్తొచ్చింది. నా దగ్గర సరైన లెక్క ఉండి పక్క ఇంటివాళ్ళ తప్పు లెక్క చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. కూర్చోబెట్టి అర్జీ రాసిచ్చాను.

రెండు రోజుల తర్వాత చేర్చింది: మా మెట్ల మీద పదిహేను మంది ఆడవాళ్ళు కూర్చున్నారు. మా ఆయన చెప్పులు ఎక్కడ విప్పాలో తెలియక చేత్తో పట్టుకుని లోపలికి వచ్చారు.

నమోదు 9
19 రోజులు. తల వాటా 10,31,600.

సత్తిరాజుగారు విసుక్కుంటూనే వాళ్ళ తలా సరిచేశారు, మంగతాయారు కూతురు ఆరు రోజుల క్రితం ఆసుపత్రిలో మంచం మీద మగపిల్లాణ్ణి కంది. ఇది ముందు రాస్తున్నాను, ఎందుకంటే మిగతాది ఇంత బాగాలేదు.

సంగతి అన్ని కట్టలకీ పాకింది. అప్పిచ్చినవాళ్ళు తమ మనుషుల్ని పంపి తలలు లెక్కపెట్టిస్తారని పుకారు పుట్టింది. వాళ్ళు రాకముందే ప్రభుత్వం ఒక్క రాత్రిలో దేశమంతటా పుట్టిళ్ళలో రెండోసారి పడ్డ తలలన్నీ తీసేసింది. ఈ ఉదయం ఆరింటికి వాటా పది లక్షలు దాటింది. నాలుగు తలల ఇల్లు ప్రతిదీ ఎర్రబడింది. ఇంత తక్కువ మందికా మేం అప్పిచ్చింది అని వాళ్ళు వడ్డీ కూడా ఇంకొంచెం పెంచారు. రోజుకి 1,300.

ఆరూ పది అయ్యేసరికి మంగతాయారు మెట్లు దిగింది.

"నీ ఇల్లు పచ్చగా ఉంచుకుని అందరి కొంపల్లో నిప్పు పెట్టావు అక్కయ్యా."

"నువ్వు నాలుగు నెలల నుంచి ఎర్రగానే ఉన్నావు తాయారూ. మధ్యలో ఎనిమిది రోజులు పచ్చగా ఉన్నావు, మనవడు పుట్టాడు."

"ఇప్పుడు మళ్ళీ ఎర్రే కదా."

"బాకీ అంతే ఉంది. నిన్నా అంతే ఉంది. నిన్న దాచారు, ఇవాళ చెప్పారు."

"దాచితే దాచారు. నీళ్ళు వచ్చేవి."

ఆమె ఎర్రబకెట్టు తీసుకుని మా కుళాయి దగ్గర పెట్టింది, అడగలేదు. నింపి ఇచ్చాను. తర్వాత ఇంకో ఐదు బకెట్లు వచ్చాయి. మధ్యాహ్నం మా ఆయన నాలుగు బిందెలకి మూతలు కట్టి మూడో కట్టకి పడవెక్కారు. సాయంత్రం కృష్ణకుమారిగారి ఫోను. "ఒక బిందె మెడ దాకానే ఉంది వదినగారూ."

నమోదు 10
తల వాటా 10,53,700. తలలు మూడు. పలక మీద 31,61,100. పచ్చ.

రెండు రోజులు ముందుగా, తెల్లవారుతుండగా తన్వితకి ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల ఏడువందలు. రక్తపోటు బాగా పెరిగిపోయింది. డాక్టరమ్మ కడుపు కోసి తీసింది. బయటికి వచ్చి, "గంట ఆలస్యమైతే నేను మీతో వేరేలా మాట్లాడాల్సి వచ్చేది" అంది.

వార్డులో మంచాలు ముప్ఫై. పదకొండు ఖాళీగా ఉన్నాయి. దుప్పట్లు మడతపెట్టి, దిండు మీద పెట్టి. నర్సుని అడిగాను, రోగులు తగ్గారా అని.

"రోగులు గేటు బయట ఉన్నారండి. వాళ్ళ పలకలు ఎర్రవి."

"మంచాలు ఖాళీగా ఉన్నాయి కదమ్మా."

"ఖాళీ మంచానికి ఖర్చు లేదండి. మనిషి పడుకుంటే ఖర్చు" అంది. ఆమె తప్పేం లేదు, మూడు నెలలుగా ఆమెకీ సగం జీతం పత్రాలే.

నమోదు 11
పదకొండో రోజు, పురుడు. తల వాటా 10,38,700.

అవును, తగ్గింది. నిన్న పొద్దున్న ఆరింటికి తగ్గింది. వీధిలో మిఠాయి పంచారు. మంగతాయారు రెండు లడ్డూలు తెచ్చి, "చూశావా, ప్రభుత్వం పట్టించుకుంది" అంది. నేను వంగి చిన్న అక్షరాలు చదివాను. మొత్తం బాకీ తగ్గలేదు, పెరిగింది. తలలు పెరిగాయి. ఇక మీదట గర్భాన్ని ఐదో నెలలో కాక రెండో నెలలోనే లెక్క వేస్తారట. చెప్పాను. లడ్డూ తిను అక్కయ్యా అంది. తిన్నాను.

పురుటి స్నానాలయ్యాక కృష్ణకుమారిగారు మనవరాల్ని ఒళ్ళో వేసుకుని కూర్చున్నారు. పదకొండున్నరకి సత్తిరాజుగారు చేతిలో యంత్రంతో గుమ్మంలోకి వచ్చారు. నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. నా మీద కోపం ఇంకా పోలేదు, పోవాలని నేనూ అనుకోను.

"అమ్మాయిగారితో పనండి. చిన్న అంచనా."

"దేని అంచనా?" అంది తన్విత.

"రెండోది ఎప్పుడనుకుంటున్నారండి?"

పిల్ల ఆవులించింది.

"ఊరికేనండి. ఆశిస్తున్న సంతానం అని కొత్త గడి వచ్చింది. ఒకటి రాస్తే మీ కార్డున్న ఇంటికి హద్దు నలభై నుంచి నలభై ఐదు లక్షలకి పెంచుతారు. అంటే అత్తగారి ఇల్లు రేపటికల్లా పచ్చ."

కృష్ణకుమారిగారు తల ఎత్తారు. "నీళ్ళు రోజూ వస్తాయా?"

"రోజూనండి."

"రాసెయ్యి తన్వితా. పోయేదేముంది. ఎప్పుడో ఒకప్పుడు కంటావు కదా."

"రాస్తే ఆ తల ఎప్పటి నుంచి లెక్కకి వస్తుంది?" అని నేనడిగాను.

"ఇంటి పలక మీద పడదండి, దేశం లెక్కలోకి మాత్రం వచ్చే నెల ఒకటి నుంచండి. ఆ పైన దాని మీద..." ఆయన ఆగారు.

"అప్పు తెస్తారు."

"తెస్తారండి."

తన్విత కుట్ల నొప్పితో మెల్లగా సర్దుకుని కూర్చుంది. "అత్తయ్యా, మీ ఒళ్ళో ఉన్నదానికి పదకొండు రోజులు. దానికి పేరింకా పెట్టలేదు, పదిలక్షల ముప్ఫై ఎనిమిది వేలు ఉంది. అది మనం రాయలేదు, వాళ్ళు రాశారు. అసలు లేనిదాని మీద ఇంకో పది లక్షలు నా చేత్తో నన్ను రాయమంటున్నారా?"

కృష్ణకుమారిగారు చాలాసేపు పిల్ల చేతి వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి చూశారు. నేను మధ్యలోకి వెళ్ళలేదు. హద్దు వాళ్ళ ఇంటిది, దద్దుర్లు వాళ్ళ ఆయనవి. నాలుగు బిందెలు ఇచ్చి నేను ఆవిడకి నీతులు చెప్పలేను.

"సున్నా వేసుకోండి" అన్నారావిడ, సత్తిరాజుగారితో.

"యంత్రం సున్నా తీసుకోదండి. ఒకటి నుంచి మొదలు."

"కాగితం ఫారం ఉంటుంది కదా."

"ఉందండి. కానీ కాగితం మీద ఇస్తే పరిశీలనకి వెళుతుంది. పరిశీలన అయ్యేదాకా ఇల్లు ఎర్రలోనే ఉంటుంది. ఎన్నాళ్ళు పడుతుందో నేను చెప్పలేనండి."

"ఎర్రగా ఉండడం కొత్తేం కాదు. ఇవ్వండి."

ఆయన సంచీలోంచి కాగితం తీశారు. తన్విత సున్నా రాసింది. ఇంటి తరఫున కృష్ణకుమారిగారు సంతకం పెట్టి, నా వంక తిరిగి, "రేపటి నుంచి ఆరు బిందెలు వదినగారూ" అన్నారు.

"నాలుగని రాసుకున్నాం."

"అది పాత కాగితం."

సరే అన్నాను. సత్తిరాజుగారు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. ఇంకో కాగితం ఏదైనా కావాలా అన్నట్టు చూశారు. నాకు వయసు దాటిపోయిందండీ అన్నాను. మొదటిసారి నవ్వాడు మనిషి.

నమోదు 12
తల వాటా 10,40,000. తలలు మూడు. పచ్చ. బిందెలు ఆరు, నిండు.

పొద్దున్న మంగతాయారు మెట్లు దిగి, నిన్న మీ ఇంట్లో ఏం రాశారు అక్కయ్యా అని అడిగింది. చెప్పాను. వాళ్ళ కూతురూ అల్లుడూ రాత్రి దీని గురించే వాదులాడుకున్నారట. ఆమె చీర మార్చుకుని వార్డు ఆఫీసుకి వెళ్ళింది.

పన్నెండింటికి ఎండలో ఖాళీ చేతులతో తిరిగి వచ్చి మెట్ల మీద కూలబడింది. మంచినీళ్ళు తాగాక చెప్పింది. సత్తిరాజుగారి దగ్గర కాగితం ఫారాలు పదింటికే అయిపోయాయట. వరస మాత్రం రెండో వంతెన దాకా ఉందట, ఎవరూ కదలడం లేదట.